పండు తొక్క మీద థైరమ్: బంగారు నానో కణాలతో పట్టుకునే పద్ధతి

థైరమ్ పేరు మన రైతులకు కొత్త కాదు. వేరుశనగ విత్తే ముందు కిలో గింజలకు 3 గ్రాముల చొప్పున పట్టించే పొడి మందు అదే. పండ్ల తోటల్లోనూ, ముఖ్యంగా ఆపిల్, స్ట్రాబెర్రీల మీద తెగుళ్లకు దీన్ని చాలా దేశాల్లో చల్లారు. యూరోపియన్ యూనియన్ 2018లో దీనికిచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. ఇది మొక్క లోపలికి ఇంకే మందు కాదు, తొక్క మీదే ఉండిపోతుంది. అణువులో గంధకం ఉంది. గంధకానికి, బంగారానికి మధ్య పొత్తు చాలా గట్టిది. తొక్క మీదే దొరకడం, బంగారాన్ని పట్టుకోవడం అనే ఈ రెండు గుణాల వల్ల నానో కణాలతో అవశేషాలు పట్టడం నేర్చుకునేవారికి మొదటి పాఠంగా థైరమ్‌కు మించింది లేదు.

కాలేజీ ల్యాబ్‌లో గానీ చిన్న ఆహార పరీక్షా కేంద్రంలో గానీ లేజర్ కాంతి వేసి అణువును గుర్తుపట్టే పోర్టబుల్ రామన్ స్పెక్ట్రోమీటర్ ఒకటి ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ పనిలో తెర మీద పీక్ (గ్రాఫులో పైకి లేచే మొన) కనిపించేలా చేయడం కష్టం కాదు, రెండు రోజుల్లో వస్తుంది. ఆ పీక్ పండు మీంచే వచ్చిందని, గ్లవ్ నుంచో గాజు నుంచో మాడిన తొక్క నుంచో రాలేదని తేల్చుకోవడమే అసలు కష్టం. కింద చెప్పేదాంట్లో సగానికి పైగా ఆ తేల్చుకోవడం గురించే.

పనిచేసే తీరు

లేజర్ కాంతి ఒక అణువు మీద పడితే దాదాపు అంతా అదే రంగుతో చెదురుతుంది. ఏ కోటిలో ఒక వంతో రంగు మారి వస్తుంది. ఆ మార్పు ఎంతన్నది ఆ అణువులోని బంధాలు ఎలా కంపిస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ప్రతి అణువుకూ వేలిముద్ర లాంటి పట్టిక వస్తుంది. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ చూసింది ఈ రంగు మార్పునే. అయితే అది ఎంత బలహీనమంటే పండు మీది పలచటి మందు పొరను మామూలు రామన్ పరికరం చూడలేదు.

1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ అనే రసాయనం సిగ్నల్ ఊహించనంత బలంగా రావడం గమనించారు. బంగారం, వెండి కణాల్లోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగి, కణం ఉపరితలానికి అతి దగ్గరలో విద్యుత్ క్షేత్రాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి. రెండు కణాలు ఒకదానికొకటి ఒకటి రెండు నానోమీటర్ల దూరంలోకి వస్తే ఆ ఇరుకులో క్షేత్రం విపరీతంగా పెరుగుతుంది. థైరమ్ అణువు ఆ ఇరుకులో చిక్కితేనే మనకు కనిపిస్తుంది. కొన్ని నానోమీటర్లు పక్కకు జరిగినా లేనట్టే లెక్క. కణాలను అదుపుగా గుంపుకట్టించడం ఈ పనికి గుండెకాయ లాంటిది ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

వెండి కణాలు ఇంకా ఎక్కువ బలమిస్తాయి కానీ ఒక్కో బ్యాచ్ ఒక్కోలా వస్తుంది, నిలవ ఉంటే ఆక్సీకరణమవుతాయి. పోర్టబుల్ పరికరాల్లో ఎక్కువగా ఉండే 785 నానోమీటర్ల లేజర్‌కు 40 నానోమీటర్ల బంగారు కణాలు చక్కగా సరిపోతాయి. మొదలుపెట్టేవారు బంగారంతోనే మొదలుపెట్టడం మంచిది.

బంగారు ద్రావణం తయారీ

టర్కెవిచ్ 1951లో చెప్పిన సిట్రేట్ పద్ధతిని 1973లో ఫ్రెన్స్ కొలతలతో సహా బిగించాడు. ఇప్పటికీ అదే వాడతారు. కావలసినవి క్లోరోఆరిక్ యాసిడ్ (బంగారు క్లోరైడ్ అని పిలిచేది), ట్రైసోడియం సిట్రేట్, 18 మెగాఓమ్ స్థాయి శుద్ధజలం. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఇక్కడ పనికిరాదు. అందులో మిగిలిన అయాన్లు చాలు, కణాలు అదుపు తప్పడానికి.

బంగారు క్లోరైడ్ గాలిలో తేమ పీల్చి బంక అవుతుంది. కొంచెం కొంచెంగా తూచే ప్రయత్నం చేయకండి. 1 గ్రాము సీసా కొని, సీసా మొత్తాన్ని 100 మి.లీ. నీళ్లలో కరిగించి, 1 శాతం ద్రావణంగా ముదురు రంగు గాజు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంచుకోండి. లోహపు స్పాచులా తగలనివ్వవద్దు, బంగారం దాని మీదే పేరుకుంటుంది. ఆ 1 గ్రాముతో 100 మి.లీ. బ్యాచ్‌లు 100 చేసుకోవచ్చు కాబట్టి ఖర్చు మొదట భయపెట్టినంత ఉండదు.

గాజు సామాను, కదిలించే మాగ్నెట్ ముక్క అన్నీ ద్రవరాజంతో కడగాలి. మూడు వంతుల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు ఒక వంతు నైట్రిక్ యాసిడ్. ఫ్యూమ్ హుడ్‌లోనే కలపాలి, కలిపినదాన్ని మూత బిగించి నిలవ చేయకూడదు, అసిటోన్ లాంటివి దగ్గరకు రానివ్వకూడదు. ఆ తర్వాత శుద్ధజలంతో కనీసం ఐదారుసార్లు తొలవాలి. చివరి తొలుపు కుళాయి నీళ్లతో అయితే కడిగిన ఫలితం పోయినట్టే.

1. 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్క్‌లో 99 మి.లీ. శుద్ధజలం, 1 మి.లీ. బంగారు ద్రావణం పోయండి. లేత పసుపు రంగులో ఉంటుంది. పైన కండెన్సర్ గానీ, కనీసం తలకిందులు చేసిన చిన్న బీకరు గానీ పెట్టండి, నీళ్లు ఆవిరైపోతే గాఢత మారిపోతుంది.
2. గట్టిగా కదుపుతూ మరిగించండి. అంచుల్లో బుడగలు వస్తే మరిగినట్టు కాదు, మొత్తం ఎసరులా తెర్లాలి.
3. ఆ రోజే చేసుకున్న 1 శాతం సిట్రేట్ ద్రావణం 1.0 మి.లీ. ఒక్క దెబ్బలో పోయండి. బొట్టు బొట్టుగా వేస్తే చిన్నా పెద్దా కలిసిన కణాలు వస్తాయి.
4. పసుపు పోయి రంగులేనట్టు అవుతుంది, తర్వాత మసి నీలం, ఊదా, చివరకు ద్రాక్ష సారా ఎరుపు. ఎరుపు నిలబడ్డాక ఇంకో 15 నిమిషాలు మరగనిచ్చి, పొయ్యి ఆపి, కదుపుతూనే చల్లారనివ్వండి.

ఈ కొలతకు ఫ్రెన్స్ లెక్క ప్రకారం సుమారు 41 నానోమీటర్ల కణాలు వస్తాయి. సిట్రేట్ 1.5 మి.లీ. అయితే సుమారు 25, 2 మి.లీ. అయితే సుమారు 16. సిట్రేట్ ఎక్కువైన కొద్దీ కణం చిన్నదవుతుందని గుర్తుంచుకుంటే చాలు. ఊదా దగ్గరే ఆగిపోయి ఎరుపు రాకపోతే సాధారణంగా గాజు మురికిగా ఉంది, లేదా సిట్రేట్ పాతది. పాత సిట్రేట్ ద్రావణంలో బూజు పడుతుంది, కంటికి కనపడదు. ఆ బ్యాచ్‌ను బాగుచేయాలని చూడకండి, వేరే సీసాలో బంగారు వ్యర్థంగా పోసుకోండి.

యూవీ-విజిబుల్ స్పెక్ట్రోమీటర్‌లో చూస్తే పీక్ 528–532 నానోమీటర్ల దగ్గర ఒకే గుట్టలా రావాలి, 600 దాటాక తోక కిందికి పడిపోవాలి. 650–700 దగ్గర రెండో గుట్ట ఉంటే కణాలు ఇప్పటికే అతుక్కున్నాయని అర్థం. 400 నానోమీటర్ల దగ్గర శోషణ సుమారు 0.6 ఉంటే వేసిన బంగారమంతా కణాలుగా మారినట్టే. బాగా తక్కువుంటే బంగారం గాజు గోడలకు అంటింది, లేదా చర్య పూర్తికాలేదు.

ఈ ద్రావణాన్ని పది రెట్లు చిక్కబరచాలి. 1.5 మి.లీ. ట్యూబుల్లో 1 మి.లీ. చొప్పున పోసి, 3000 జీ (భూమ్యాకర్షణకు 3000 రెట్ల బలం) దగ్గర 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన 0.9 మి.లీ. తీసేసి, అడుగుది మెల్లగా కలపండి. సెంట్రిఫ్యూజ్ మీద కనిపించే ఆర్‌పీఎం అంకె రోటర్‌ను బట్టి మారుతుంది, జీ విలువనే చూసుకోండి. పైభాగం ఇంకా ఎర్రగా ఉంటే ఇంకో ఐదు నిమిషాలు తిప్పండి. అడుగున నల్లటి పొరలా గట్టిగా అంటుకుంటే వేగం ఎక్కువైంది. శుభ్రంగా ఉంటుందని రెండోసారి శుద్ధజలంతో కడిగితే కణాలను విడివిడిగా ఉంచే సిట్రేట్ కూడా పోయి అన్నీ ముద్దకడతాయి. ఒక్కసారి చాలు. ద్రావణాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టవద్దు. ఒకసారి గడ్డకడితే తిరిగి ఎరుపు రాదు.

ఉప్పు ఎంత

సిట్రేట్ పూత వల్ల కణాలన్నీ రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఉప్పు వేస్తే ఆ తోపు తగ్గి దగ్గరకొస్తాయి. తక్కువైతే ఇరుకులు ఏర్పడవు, ఎక్కువైతే నిమిషంలో నల్లగా అడుగుకు దిగిపోతాయి. మధ్యలో ఒక సన్నటి కిటికీ ఉంటుంది, దాన్ని ప్రతి కొత్త బ్యాచ్‌కూ మీరే వెతుక్కోవాలి.

0.12, 0.24, 0.36, 0.48, 0.72, 0.96 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణాలు చేసుకోండి. చివరిదానికి 100 మి.లీ.లో 5.61 గ్రాములు. ఆరు ట్యూబుల్లో 100 మైక్రోలీటర్ల చిక్కటి బంగారం, 10 మైక్రోలీటర్ల 10 మైక్రోమోలార్ థైరమ్ (ప్రామాణిక ద్రావణం తయారీ తర్వాతి భాగంలో ఉంది), చివర 10 మైక్రోలీటర్ల ఉప్పు వేయండి. ఉప్పు తుది గాఢత 10 నుంచి 80 మిల్లీమోలార్ల దాకా వస్తుంది. సరిగ్గా 2 నిమిషాలకు చదవండి. ఏ ట్యూబులో 1380 పీక్ (రంగు మార్పును కొలిచే సెం.మీ⁻¹ లెక్కలో 1380 దగ్గర వచ్చే థైరమ్ పీక్) బలంగా ఉండి, మూడుసార్లు చేసినా అంకె పెద్దగా మారడం లేదో అదే మీ కొలత. బలం కంటే నిలకడకే ఎక్కువ మార్కులు వేయండి. చాలాసార్లు అది ఎరుపు ఊదాలోకి తిరుగుతున్న దశలో ఉంటుంది, పూర్తి నీలంలో కాదు.

వంటింటి ఉప్పు వాడకూడదు. అందులో అయొడేట్ ఉంటుంది, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలుంటాయి, అవన్నీ బంగారం మీదికి పోటీకి వస్తాయి. క్లోరైడ్ కూడా కొంత పోటీపడుతుంది కాబట్టి ఫలితం చాలకపోతే మెగ్నీషియం సల్ఫేట్‌తో ఇదే వరస మళ్లీ చేసి చూడవచ్చు, అయితే దాని గాఢత చాలా తక్కువ చాలు. ఎప్పుడూ నమూనా ముందు, ఉప్పు తర్వాత. ఉప్పు ముందు వేస్తే ఇరుకులు మూసుకుపోయాక థైరమ్ బయటే నిలబడుతుంది.

తొక్క మీంచి తీయడం

పండును మిక్సీలో వేయాలని అనిపిస్తుంది. వేయకండి. థైరమ్ కుటుంబపు డైథయోకార్బమేట్లు పుల్లటి రసంలో పడగానే విడిపోవడం మొదలవుతుంది. పైగా థైరమ్ తొక్క మీదే ఉండే మందు కాబట్టి లోపలి గుజ్జు కలిపితే పలచన చేసుకోవడమే అవుతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి లోపలికి ఇంకే మందులకు మాత్రం ఈ తుడిచే పద్ధతి చాలదు.

అల్యూమినియం రేకులో 2 సెంటీమీటర్లు వెడల్పు, 5 సెంటీమీటర్లు పొడవున్న కిటికీ కత్తిరించి పండు మీద చుట్టండి. దూది పుల్ల కొసను మెథనాల్‌లో ముంచి, గాజు అంచుకు ఒత్తి పిండి, ఆ 10 చదరపు సెంటీమీటర్లలో అడ్డంగా పదిసార్లు, నిలువుగా పదిసార్లు తుడవండి. కొస కత్తిరించి, మెథనాల్, శుద్ధజలం సగం సగం కలిపిన 1 మి.లీ.లో వేసి నిమిషంపాటు బాగా కదపండి. అందులోంచి 10 మైక్రోలీటర్లు తీసుకుని పైన చెప్పినట్టే బంగారంలో కలపండి. బంగారంలో మెథనాల్ వాటా పది శాతం దాటనివ్వకూడదు, దాటితే మందు లేకపోయినా కణాలు గుంపుకడతాయి. ఈ కొలతలో 4 శాతమే వస్తుంది.

ఎంతవరకు చూడగలమో కాగితం మీద లెక్క వేసుకుంటే పరికరాన్ని అనవసరంగా నిందించం. 150 గ్రాముల ఆపిల్ ఉపరితలం సుమారు 158 చదరపు సెంటీమీటర్లు. కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున మందుంటే పండు మొత్తం మీద 15 మైక్రోగ్రాములు, అంటే చదరపు సెంటీమీటరుకు 95 నానోగ్రాములు. 10 చదరపు సెంటీమీటర్లు పూర్తిగా తుడిస్తే 1 మి.లీ.లో 0.95 మైక్రోగ్రాము, అంటే 4 మైక్రోమోలార్. బంగారంలో కలిశాక పన్నెండో వంతు, సుమారు 0.33 మైక్రోమోలార్. జాగ్రత్తగా చేస్తే అది కనిపిస్తుంది. మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ప్రత్యేక పరిమితి పెట్టని మందులకు సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రామునే హద్దుగా తీసుకుంటుంది. అది దీనిలో పదోవంతు. అంత కిందికి వెళ్లాలంటే ఎక్కువ తొక్క తుడవాలి, లేదా తుడిచిన ద్రవాన్ని చల్లటి నత్రజని ఊదుతూ 100 మైక్రోలీటర్లకు తగ్గించాలి. ఇవి చేయకుండా "కనపడలేదు, కాబట్టి లేదు" అని రాయడం తప్పు.

తుడుపు ఎంత రాబడుతోందో కూడా చూడాలి. కడిగి ఆరబెట్టిన ఆపిల్ మీద అదే కిటికీలో 1 మిల్లీమోలార్ థైరమ్ 10 మైక్రోలీటర్లు చిన్న చిన్న చుక్కలుగా పెట్టి గంట ఆరనిచ్చి తుడవండి. పూర్తిగా వస్తే 10 మైక్రోమోలార్ రావాలి. మైనం పూసిన ఆపిల్ మీద ఇది గణనీయంగా తగ్గుతుంది. ఆ శాతాన్ని తర్వాతి లెక్కల్లో వాడుకోవాలి.

థైరమ్ ప్రామాణిక ద్రావణానికి 24 మిల్లీగ్రాములు 100 మి.లీ. మెథనాల్‌లో కరిగిస్తే 1 మిల్లీమోలార్. ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో, వారం దాటనివ్వకుండా వాడండి. నీళ్లలో పలచన చేసినవి ఏ రోజుకారోజే. థైరమ్ చర్మానికి దురద పుట్టిస్తుంది. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్‌కు ఇది దగ్గరి చుట్టం కాబట్టి ఒంట్లోకి పోయాక మద్యం తాగితే ప్రమాదకరమైన చర్య జరుగుతుంది. పొడి తూచేటప్పుడు మాస్కు, హుడ్ తప్పనిసరి.

చదవడం

పరికరం ముందు సరిగ్గా ఉందో చూసుకోవాలి. సిలికాన్ ముక్క ఉంటే 520.7 సెం.మీ⁻¹ దగ్గర పీక్ రావాలి. లేకపోతే పారాసిటమాల్ మాత్ర చాలు. 857.9, 1323.9, 1648.4 దగ్గర దాని పీక్‌లు ప్రామాణికాలు. రెండు మూడు అంకెలకు మించి తేడా ఉంటే క్యాలిబ్రేషన్ చేయకుండా ముందుకు పోవద్దు.

లేజర్ శక్తి 20–30 మిల్లీవాట్లు, 5 సెకన్లు, మూడుసార్ల సగటు. ద్రవానికి ఇది సరిపోతుంది. ఆరిన చుక్క మీద అయితే 5 మిల్లీవాట్లకు తగ్గించండి. 785 నానోమీటర్ల లేజర్ కంటికి చాలా మసకగా కనిపిస్తుంది, అందుకే ప్రమాదం ఎక్కువ. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు లేకుండా పని చేయకూడదు.

బంగారం మీద థైరమ్ ముఖ్యమైన పీక్‌లు 560, 1145, 1380, 1510 చుట్టుపక్కల వస్తాయి, ఐదారు అంకెలు అటూఇటూ. అన్నిటికంటే ఎత్తైనది 1380. అది సూదిలా సన్నగా ఉండాలి. 1380 ఒక్కటే చూసి "ఉంది" అనకండి. దానితోపాటు 560 కూడా ఉండాలి, రెండూ బ్లాంక్‌లో (మందు లేకుండా అదే పద్ధతిలో చేసిన నమూనాలో) ఉండకూడదు.

మోసపుచ్చే పీక్‌లు

మొదటి దొంగ చేతి గ్లవ్. రబ్బరు గట్టిపడటానికి కలిపే పదార్థాల్లో థైరమ్ ఒకటి, దాని దగ్గరి చుట్టాలైన జింక్ డైథయోకార్బమేట్లు మరికొన్ని. లాటెక్స్ గ్లవ్‌లోనూ, చాలా నైట్రైల్ గ్లవ్‌లలోనూ ఇవి మిగిలి ఉంటాయి. మెథనాల్ తడి తగిలిన గ్లవ్ వేలితో దూది పుల్ల కొస ముట్టుకుంటే చాలు, ఏ మందూ చల్లని పండు కూడా పాజిటివ్ అవుతుంది. రబ్బరు బిరడాలు, సిరంజి లోపలి నల్ల రబ్బరు, డ్రాపర్ పైన ఉండే రబ్బరు బుడ్డి కూడా అంతే. వినైల్ గ్లవ్‌లు గానీ, యాక్సిలరేటర్ (పైన చెప్పిన రబ్బరు గట్టిపరిచే పదార్థం) లేనివని రాసిన నైట్రైల్ గ్లవ్‌లు గానీ వాడండి. సీసా మూతలకు టెఫ్లాన్ పొర ఉండాలి. కొత్త గ్లవ్ పెట్టె తెరిచినప్పుడు ఒక వేలి ముక్క కత్తిరించి మెథనాల్‌లో పది నిమిషాలు నానబెట్టి ఆ ద్రవాన్ని నమూనాలాగే చదవండి. ఏ గ్లవ్ వాడాలో ఆ గ్రాఫే చెబుతుంది.

రెండోది మాడిన తొక్క. ఆరిన చుక్క మీద లేజర్ ఎక్కువైతే కింది తొక్క మసి అవుతుంది. మసికి 1350, 1580 దగ్గర రెండు వెడల్పాటి గుట్టలుంటాయి. మొదటి గుట్టను హడావిడిలో 1380 అనుకుంటారు. వెడల్పు చూడండి. థైరమ్ పీక్ సన్నం, మసి గుట్ట బోలెడు వెడల్పు. శక్తి సగానికి తగ్గించి వేరే చోట చదివితే మసి గుట్ట మాయమవుతుంది, థైరమ్ పీక్ తగ్గినా ఉంటుంది.

మూడోది గాజు. 785 లేజర్‌కు మామూలు గాజు 1400 చుట్టూ పెద్ద గుట్టలా వెలుగుతుంది, సరిగ్గా మన పీక్ కింద. గాజు సీసాలో పెట్టి చదివేబదులు గ్లాస్ స్లైడుకు వంటింటి అల్యూమినియం రేకు బిగుతుగా చుట్టి, దాని మీద 5 మైక్రోలీటర్ల చుక్క పెట్టి చదవండి. రేకు నుంచి రామన్ సిగ్నల్ దాదాపు ఉండదు. పైసలు ఖర్చు లేని ఈ చిన్న మార్పుకు గ్రాఫ్ ఎంత శుభ్రపడుతుందో చూస్తేనే తెలుస్తుంది.

ఎర్రటి, నారింజ రంగు కూరగాయల మీద నాలుగో చిక్కు. టమాటా, పండుమిర్చి, క్యారెట్‌లోని కెరోటినాయిడ్లకు 1510–1525, 1157 దగ్గర బలమైన పీక్‌లు ఉంటాయి. అవి థైరమ్ 1510, 1145 పీక్‌లను మింగేస్తాయి. టమాటా మీద పని చేసేటప్పుడు ఆ రెంటినీ లెక్కలోంచి తీసేసి 560, 1380లనే నమ్మండి. గట్టిగా రుద్దితే తొక్క చిట్లి కెరోటినాయిడ్లు ఎక్కువ దిగుతాయి, చేయి తేలికగా ఉంచాలి.

వీటన్నిటికీ విరుగుడు బ్లాంక్‌లే. ప్రతి రోజూ కనీసం మూడు రకాలు చదవాలి. ఉత్త బంగారం, ఉప్పు, మెథనాల్ కలిపింది ఒకటి. దూది పుల్లను గాలిలోనే ఊపి, పండుకు తగలనివ్వకుండా మిగతా పనంతా చేసింది రెండోది. మందు చల్లలేదని ఖాయంగా తెలిసిన పండును తుడిచింది మూడోది. రెండో బ్లాంక్‌లో పీక్ వస్తే దోషం మీ సామానులోనే ఉంది, ఆ రోజు నమూనాలు చదవడం ఆపేసి దాన్ని వెతకండి.

అంకెగా మార్చడం

0.1, 0.3, 1, 3, 10, 30 మైక్రోమోలార్ ప్రమాణాలను మందులేని పండు తుడుపులో కలిపి చదవండి, నీళ్లలో కాదు. తొక్క మైనం, చక్కెరలు కూడా బంగారం మీద చోటు ఆక్రమిస్తాయి కాబట్టి నీళ్లలో ప్రమాణాలు చదివి గీసిన గీత (గాఢతకు, పీక్ ఎత్తుకు మధ్య గ్రాఫ్) పండుకు పనిచేయదు. కింది గాఢతల్లో గీత దాదాపు వంకర లేకుండా తిన్నగా వెళ్లి, పైన వంగిపోతుంది. కణాల మీద చోటు నిండిపోవడమే కారణం. వంగిన భాగంలో పడిన నమూనాను పలచన చేసి మళ్లీ చదవాలి. ఒక్కో నమూనాకు ఐదు చుక్కలు, వాటి మధ్య తేడా 20 శాతం దాటితే కలపడంలోనో సమయంలోనో లోపముంది. పండు బ్లాంక్‌ను పదిసార్లు చదివి, సగటుకు ప్రామాణిక విచలనం మూడు రెట్లు కలిపితే వచ్చేదే మీ ల్యాబ్‌లో, మీ బ్యాచ్‌తో కనిపించే కనీస హద్దు. ఎవరో పత్రికలో వేసిన హద్దును మీ రిపోర్టులో రాయకూడదు.

కొత్త బ్యాచ్ బంగారం చేసినప్పుడల్లా 1 మైక్రోమోలార్ థైరమ్‌తో చదివి 1380 ఎత్తును ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నాలుగైదు బ్యాచ్‌లయ్యాక ఏది తేడాగా ఉందో పుస్తకమే పట్టిస్తుంది.

ఇది తేల్చలేనిది

బంగారాన్ని తాకగానే థైరమ్ అణువు నడిమి గంధకం–గంధకం బంధం దగ్గర రెండుగా విడిపోతుంది. బంగారం మీద మిగిలేది డైమిథైల్ డైథయోకార్బమేట్. జైరమ్, ఫెర్బమ్ అనే వేరే మందులు కూడా అక్కడ మిగిల్చేది అదే. కాబట్టి మన పీక్ "థైరమ్ లేదా దాని కుటుంబంలో ఒకటి" అనే చెబుతుంది. రిపోర్టులో అలాగే రాయాలి. ఈ కుటుంబానికి అధికారిక పద్ధతి కూడా ఆమ్లం, స్టానస్ క్లోరైడ్‌తో వేడిచేసి వచ్చే కార్బన్ డైసల్ఫైడ్‌ను గ్యాస్ క్రొమటోగ్రఫీలో కొలవడమే, అదీ మందు పేరు విడదీసి చెప్పదు.

రామన్ పరికరం లేనివారు ఇదే బంగారం ఎరుపు నుంచి నీలానికి తిరగడాన్ని ఫోన్ కెమెరాతో చూడవచ్చంటారు. తిరుగుతుంది, కానీ ఉప్పు ఎక్కువైనా, పీహెచ్ మారినా, పండు రసంలోని గంధకపు అమైనో ఆమ్లాల వల్లా కూడా తిరుగుతుంది. అనుమానమున్న నమూనాలను ముందుగా ఏరుకోవడానికి అది సరే, ఒక రైతు సరుకును తిప్పి పంపడానికి మాత్రం సరిపోదు.

చేతికి పని పట్టుబడ్డాక ఇదే ద్రావణంతో పాలలో కల్తీగా కలిపే మెలమిన్, రొయ్యల్లో మాలకైట్ గ్రీన్ అనే రంగు మందు వైపు వెళ్లవచ్చు. పాలలో ముందు ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్‌తో ప్రొటీన్ దించేసి, పీహెచ్ సరిచేయాలి, లేకపోతే ప్రొటీన్ కణాలను కప్పేస్తుంది. రొయ్యల సంగతి ఇంకా కష్టం. మాలకైట్ గ్రీన్ కండలో ఎక్కువగా రంగులేని ల్యూకో రూపంలో నిలవ ఉంటుంది, దాన్ని ఆక్సీకరణ చేసి మళ్లీ రంగులోకి తెస్తేనే పీక్ వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో చర్య తీసుకునే స్థాయి 2022 నవంబర్ నుంచి కిలోకు 0.5 మైక్రోగ్రాము. భీమవరం చెరువుల సరుకు ఆ గీత కిందే ఉండాలి కాబట్టి శుద్ధి మెట్లు పూర్తిగా నేర్చుకున్నాకే అటు అడుగేయండి.

పాజిటివ్ వచ్చిన ప్రతి పండుకూ జత పండు అదే బుట్టలోంచి, కోయకుండా, కడగకుండా, అల్యూమినియం రేకులో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తేదీ, బుట్ట గుర్తు, బంగారం బ్యాచ్ సంఖ్య రాసి ఉంచండి. గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపేది ఆ పండునే. కార్బన్ డైసల్ఫైడ్ పరీక్ష ఫలితం వచ్చేదాకా మీ గ్రాఫ్‌ను అనుమానంగానే రాయండి.